గోడ రంగు, గడప రంగు



ఈ వారం రంగుల గురించి మాట్లాడదామనుకున్నాను. బొమ్మలకు వేసే రంగులు కాదండోయ్, మన ఇళ్ళల్లో గోడలకీ మెట్లకీ ఉండే రంగుల గురించి.

డబ్లిన్‌లో ఇల్లు కొనుక్కున్న ఏడాది, హాలుకి కాకినాడలో మా పుట్టింటి వసారా రంగే వేయించాలని నాకు మహా ఉబలాటం. లేత పసుపు, సున్నంలో కాస్త పసుపు కలిపినట్టుంటుంది. పెయింట్ల షాపులో ఫోటో చూపించి, చీటీ మీద రంగు సరిచూసుకుని రెండు డబ్బాలు తెచ్చాం. తీరా వేశాక చూస్తే గోడ జ్వరం పడి లేచినవాళ్ళ మొహంలా పాలిపోయి, ఆకుపచ్చ చాయలో ఉంది! వేరే డబ్బా ఇచ్చారేమోనని అనుమానపడ్డాను. పాపం, షాపువాళ్ళ తప్పేం లేదు.

తప్పు వెలుతురుది. కాకినాడ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, డబ్లిన్ 53 మీద. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు అక్కడ సుమారు 50 డిగ్రీల ఎత్తుకు వస్తే, ఇక్కడ 13 దగ్గరే ఆగిపోతాడు. పైగా మా హాలు కిటికీ ఉత్తరానికి. చలికాలమంతా అందులోంచి ఎండ రాదు, వచ్చేది మబ్బు వెలుతురూ, ఆకాశపు నీలమూను. (అన్నట్టు, ఆకాశపు నీలాన్ని ప్రయోగశాలలో పుట్టించి చూపిన జాన్ టిండాల్ ఈ దేశంవాడే, కార్లో కౌంటీలో పుట్టాడు.) దానికి తోడు కిటికీ బయట పచ్చిక. దాని మీద పడ్డ వెలుగు లోపలికొచ్చి గోడకు అంటుతుంది. తెలుగులో పచ్చ అంటే పసుపూ, ఆకుపచ్చా రెండూ కదా, మా గోడ ఆ మాటను నిజం చేసింది!

నిజానికి మన మెదడు వెలుతురు రంగును చాలావరకు లెక్కలోంచి తీసేస్తుంది. అందుకే తెల్లచొక్కా ఎండలోనూ, బల్బు కిందా తెల్లగానే అనిపిస్తుంది. 2015లో ఇంటర్నెట్లో తిరిగిన గౌను ఫోటో గుర్తుందా? కొందరికి నీలం-నలుపు, కొందరికి తెలుపు-బంగారం. అది ఏ వెలుతురులో ఉందని ఎవరి మెదడు ఊహించుకుంటే వారికి ఆ రంగు. కానీ ఈ సర్దుబాటు పూర్తిగా జరగదు. రెండోసారి మేం ఒక పెద్ద అట్టకు రంగు వేసి, నాలుగు రోజులు ఆ గోడకే ఆనించి, పొద్దునా రాత్రీ చూసుకున్నాం. కాస్త ఎరుపు కలిసిన పసుపు కుదిరింది.

ఇదంతా ముచ్చట. అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. మా అమ్మ మూడు నెలలుందామని వచ్చింది. మా మెట్లకీ, కింద నేలకీ ఒకటే లేత గోధుమరంగు కార్పెట్. ఓ సాయంత్రం ఆఖరి మెట్టు అయిపోయిందనుకుని అడుగేసి పడింది. మణికట్టు విరిగింది. "మెట్టు కనపళ్ళేదే" అంటే, "లైటు వేసే ఉందిగా అమ్మా" అని విసుక్కున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వయసుతో కంట్లో కటకం పచ్చబడుతుంది, లోపలికి వెళ్ళే వెలుగు తగ్గుతుంది. శుక్లాలుంటే మరీను. లేత రంగులు ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. అప్పుడు ఆదుకునేది రంగు మార్పు కాదు, ముదురూ లేతల తేడా. ఒకే ముదురుపాటి ఎరుపూ, ఆకుపచ్చా పక్కపక్కన పెట్టినా మసక వెలుతురులో లాభం లేదు. మెట్ల అంచులు విడిగా కనపడాలని ఇక్కడి భవన నిర్మాణ మార్గదర్శకాల్లోనూ ఉంది. అవి చదువుతుంటే నాకు మా ఊరి గడప గుర్తొచ్చింది. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన గడపను మసక చీకట్లో కూడా ఎవరూ తన్నుకోరు. పెట్టడానికి కారణం వేరే కావచ్చు, కాలికి మాత్రం దారి చూపిస్తుంది.

మేం మెట్ల అంచులకు ముదురు రంగు పట్టీలు బిగించాం. కార్పెట్ మీద టేపు అతికించకండి, ఊడొచ్చి అదే కాలికి తగులుకుంటుంది. మేకు కొట్టనివ్వని అద్దె ఇళ్ళల్లో, కనీసం ఆఖరి మెట్టు మీద పడేలా చిన్న లైటు పెట్టుకోండి. అమ్మావాళ్ళు విమానం దిగేలోపు ఓసారి మీరే సాయంత్రంపూట, లైటు తగ్గించి, మీ మెట్లు దిగి చూడండి.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. సెలవు.