మతాధ్యయనమున డాక్టరేటు: దరఖాస్తుకు ముందు

గత వేసవిలో పెద్దపల్లి వైపునుండి ఒక తండ్రియు కుమారుడును మా కేంద్రమునకు వచ్చినారు. కుమారుడు బి.డి. పట్టము పొందినవాడు. అనగా క్రైస్తవ వేదాంత కళాశాలలో బైబిలును, సంఘచరిత్రను, ధర్మశాస్త్రమును చదివినవాడు. తండ్రి చేతిలో ఒక గుడ్డసంచి, సంచిలో భూమి పాసుబుక్కు. "రెండెకరాలున్నయి సారూ. అమ్మమంటే అమ్ముత. పోరడు డాక్టరైతడా?" అని ఆయన అడిగినారు. రేడియోలో పనిచేయువారికి సర్వమును తెలిసియుండునని మన గ్రామములలో ఒక నమ్మకము కలదు. ఆ నమ్మకమును కాపాడుకొనుటకు మేము కొన్ని వారములు శ్రమపడవలసి వచ్చినది. అట్లు తెలిసికొన్న సంగతులలో పదిమందికి ఉపకరించునవి ఈ ప్రసంగమున విన్నవించుచున్నాము.

మొదట డాక్టరు అను మాటను గూర్చి. కరీంనగరములో గాని మంచిర్యాలలో గాని బస్సు దిగి నాలుగడుగులు నడచినచో కూడలిలో కట్టిన ఫ్లెక్సీలపై డాక్టరు బిరుదు గల సువార్తికులును, జ్యోతిష్కులును, స్వాములును కనిపించుచుందురు. వీరిలో చదివి సంపాదించినవారును ఉన్నారు, కొన్నవారును ఉన్నారు. మన దేశమున పట్టములిచ్చు అధికారము చట్టముచే ఏర్పడిన విశ్వవిద్యాలయములకును, అట్టి అధికారము చట్టరీత్యా పొందిన సంస్థలకును మాత్రమే కలదని 1956నాటి విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘ చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. ఆరు నెలలలో ఇంటికే వచ్చు డాక్టరేటు గోడకు అలంకారము కావచ్చును గాని, దానిని చూపి ఏ కళాశాలలోను ఉపాధ్యాయుడు కాలేడు. రెండెకరములను అమ్మి ఇట్టి కాగితమును తెచ్చుకొన్నవారు లేకపోలేదు.

క్రైస్తవ విద్యార్థులకు చిరకాలముగా తెలిసిన దారి సెరాంపూరు దారి. వంగదేశమున హుగ్లీనది ఒడ్డున ఉన్న ఈ కళాశాల 1818లో స్థాపితమైనది. తెలుగు క్రొత్త నిబంధన అచ్చయినది కూడ ఆ సంవత్సరమే, ఆ ఊరనే. ఆ ఊరు అప్పుడు డేనులది. పట్టములిచ్చు హక్కు డెన్మార్కు రాజు 1827లో ఇచ్చిన శాసనము వలన వచ్చినది. దానిని స్థిరపరచినది 1918నాటి చట్టము. నేడు దేశమునందలి పెక్కు వేదాంత కళాశాలలు సెరాంపూరు సెనేటుకు అనుబంధములు. 1964లో రాజమహేంద్రవరమున ప్రారంభమై తరువాత హైదరాబాదునకు తరలివచ్చిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలయు, 1910లో స్థాపితమైన బెంగుళూరు యునైటెడ్ వేదాంత కళాశాలయు వీనిలోనివి. ఈ దారిలో మెట్లు క్రమముగా ఎక్కవలెను. బి.డి. తరువాత ఎం.టిహెచ్., దాని తరువాతనే డాక్టరేటు. మా ఎదుట కూర్చున్న యువకుడు నడుమనున్న మెట్టును చూడలేదు. తండ్రికి ఆ మెట్టున్నదనియే తెలియదు. పొలము అమ్మకపు మాట ఆ పూటకు అక్కడ ఆగినది.

రెండవది విశ్వవిద్యాలయముల దారి. పటియాలాలోని పంజాబీ విశ్వవిద్యాలయమున మతాధ్యయన శాఖయు, మద్రాసు విశ్వవిద్యాలయమున క్రైస్తవాధ్యయన శాఖయు, విశ్వభారతిలో తత్త్వ, తులనాత్మక మతాధ్యయన శాఖయు కలవు. మన తెలుగునాట మతమును పరిశోధింపదలచినవారు చరిత్ర, సామాజిక శాస్త్రము, తెలుగు, సంస్కృతము, తత్త్వశాస్త్రము మొదలగు శాఖల గుమ్మము గుండ ప్రవేశించుట పరిపాటి. 2022నాటి నియమముల ప్రకారము ఎం.ఏ.లో నూటికి 55 మార్కులుండవలెను. షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు మొదలగు వారికి 5 మార్కుల సడలింపు కలదు. కనీస కాలము మూడు సంవత్సరములు, గరిష్ఠము ఆరు. స్త్రీలకు మరి రెండేండ్లు అదనముగా ఇచ్చుట మంచి పని. జాతీయ అర్హతా పరీక్షలో తులనాత్మక మతాధ్యయనము ఒక ప్రత్యేక విషయముగా ఉన్నదని మన విద్యార్థులలో ఎందరికో తెలియదు. 2024నుండి ఆ పరీక్ష మార్కులతో పిహెచ్.డి. ప్రవేశమును పొందవచ్చును. కాని ఆ మార్కు ఒక సంవత్సరము మాత్రమే చెల్లును. పరిశోధక వేతనమునకు ఎన్నికైనవారికి 2023నుండి నెలకు 37,000 రూపాయలు.

ఇక్కడ ఒక చిక్కు కలదు. వేదాంత కళాశాల పట్టమును విశ్వవిద్యాలయము ఎం.ఏ.కు సమానముగా ఎంచునా? ఒకచోట ఎంచుదురు, ఇంకొకచోట ఎంచరు. దరఖాస్తు రుసుము కట్టకముందే ఆయా విశ్వవిద్యాలయ కార్యాలయమునకు వ్రాసి, సమాధానమును కాగితముమీద తెప్పించుకొనవలెను. గుమాస్తా నోటిమాట చాలదు. మా ఎరుకలో ఒకరు నోటిమాటను నమ్మి రెండేండ్లు పోగొట్టుకొన్నారు.

ఈ రెండు దారులకును భేదము పట్టములలో మాత్రమే లేదు, ప్రశ్న అడుగు తీరులో ఉన్నది. వేదాంత కళాశాల విశ్వాసుల నడుమ నిలిచి, ఈ గ్రంథము మాకేమి చెప్పుచున్నదని అడుగును. విశ్వవిద్యాలయము ఈ గ్రంథమును ఎవరు, ఎప్పుడు, ఎవరికొరకు వ్రాసినారు, జనులు దానిని ఎట్లు వాడుకొన్నారని అడుగును. రెండవ ప్రశ్న అడిగినవాడు భక్తి విడువనక్కరలేదు. మొదటి ప్రశ్న అడిగినవాడు బుద్ధిని విడువనక్కరయు లేదు. కాని దరఖాస్తు వ్రాయునప్పుడు ఏ ఇంటి గుమ్మమున నిలుచున్నామో తెలిసియుండవలెను. మన యువకుడు తెచ్చిన ఉద్దేశపత్రము మూడు పుటలు. మూడును సాక్ష్యమే. ఏ రాత్రి మారుమనస్సు పొందినది, తల్లి జబ్బు ఎట్లు నయమైనది, ప్రభువు ఎట్లు పిలిచినది. ఆదివారమునాడు సంఘములో చెప్పినచో వినువారి కన్నులు చెమర్చును. ఎంపిక సంఘమువారు మాత్రము అందులో ప్రశ్న ఏదని వెదకుదురు. ప్రశ్న లేదు.

"మరి నీవు ఏమి తెలిసికొనగోరుచున్నావు?" అని అడిగినాము. చాలసేపు మాటాడలేదు. ఆ పిదప రూతు కథ ఎత్తినాడు. రూతు పరాయిదేశపు విధవ. కోతకోసిన చేలో పరిగె ఏరుకొని అత్తను పోషించినది. "మా నాయనమ్మ గూడ పరిగె ఏరింది సార్. కొందరు ఆసాములు ఏరనిచ్చేటోళ్లు, కొందరు తరిమేటోళ్లు. అది హక్కా, దయనా?" అని అతడు అన్నాడు. ఆ మూడు పుటలలో లేని ప్రశ్న ఈ ఒక్క మాటలో ఉన్నది! బీదలకును పరదేశులకును చేని అంచులను, రాలిన కంకులను విడువవలెనని లేవీయకాండము ఆజ్ఞాపించుచున్నది. ఆజ్ఞయైనచో అది హక్కు. మరి రూతు అనుమతి ఏల అడిగినది? ఆ హీబ్రూ మూలమును చదువగలిగి, కరీంనగరపు వరిమళ్ల వాడుకను ఎరిగినవాడు ఈ ప్రశ్నను పట్టుకొన్నచో ఎక్కడివారైనను వినుటకు కూర్చుందురు. చదువగలిగి అను మాటను ఒత్తి చెప్పుచున్నాము. పాత నిబంధనకు హీబ్రూ, క్రొత్త నిబంధనకు గ్రీకు రానిదే ఈ శాస్త్రమున డాక్టరేటు మాట ఎత్తరాదు. పాశ్చాత్య విద్యాలయములలో జర్మను, ఫ్రెంచి భాషలలోని పరిశోధనలను కూడ చదువుమందురు.

భాషల సంగతి వచ్చినది కావున ఆదిలాబాదు సంగతి చెప్పవలెను. ఉట్నూరు ప్రాంతపు విద్యార్థిని యొకతె నింపిన దరఖాస్తును ఈ నడుమ చూచినాము. తెలిసిన భాషలు అనుచోట తెలుగు, ఇంగ్లీషు అని వ్రాసి ఊరుకొన్నది. ఇంట మాటాడునది గోండి. సంతలో మరాఠీ. హిందీ, ఉర్దూ వినికిడి వలన వచ్చినవి. వీనిని ఏల వ్రాయలేదన్నచో "అవి చదువుకున్న భాషలు కావు కద" అన్నది. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ 1940లలో మార్లవాయిలో నివసించి గోండుల పురాణములను, పూజావిధులను వ్రాసికొన్నాడు. 1948లో రాజగోండులపై పెద్ద గ్రంథము ప్రకటించినాడు. లండనులో ఆచార్యుడై పేరుపొందినాడు. ఆ గోండి ఈ బాలికకు ఉగ్గుపాలతో వచ్చినది. కేస్లాపురమున పుష్యమాసపు అమావాస్యనాడు నాగోబా పూజ జరుగును. మెస్రం వంశమువారు హస్తినమడుగునుండి గోదావరి జలమును కాలినడకన తెత్తురు. క్రొత్తగా వచ్చిన కోడండ్రను దేవునికి చూపు భేటింగు అను తంతు కలదు. కోడలిగా భేటింగులో నిలిచిన స్త్రీ ఆ తంతును గూర్చి ఏమనుకొనునో గ్రంథములలో మనకు దొరకుట అరుదు. మరి అడుగగలవారెవరు?

మన ప్రాంతమున పరిశోధనకు విషయములు లేవని ఎవరైన అన్నచో మేము నమ్మము. 2016లో విడిపోకముందటి కరీంనగరము జిల్లాలోనే ధూళికట్ట బౌద్ధస్తూపము కలదు. కురిక్యాల బొమ్మలగుట్టపై పంపకవి తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దమున సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో చెక్కించిన జైనశాసనము కలదు. సమీపమున గంగాధరలో సోమదేవసూరి 959లో యశస్తిలకమును పూర్తిచేసినాడు. వేములవాడ రాజన్న గుడి ఆవరణమున దర్గా ఉండెడి సంగతి శ్రోతలకు తెలియనిది కాదు. పొరుగున మెదకు పల్లెలలో పి. వై. లూకా, జాన్ కార్మన్ అను ఇరువురు 1959 ప్రాంతమున గ్రామ క్రైస్తవుల నడుమ తిరిగి, వారు చర్చికి పోవుచునే ఊరి దేవతల పండుగలలో ఎట్లు పాల్గొనుచుండిరో 1968లో గ్రంథముగా వెలువరించినారు. కార్మన్ తరువాత హార్వర్డులో ఆచార్యుడైనాడు. అర్ధశతాబ్ది గడచిన పిదప అదే విషయమును చిల్కూరి వసంతరావుతో కూడి మరల పరిశీలించగా రెండవ గ్రంథము 2014లో వచ్చినది. ఇట్టి పని కరీంనగరము పల్లెలలో చేయువారికొరకు ఎదురుచూచుచున్నది.

విదేశముల మాట కొంత చెప్పి ముగింతుము. అమెరికాలో గడువులు ఎక్కువగా డిసెంబరులోను జనవరి మొదటను ముగియును. ప్రవేశము మరుసటి ఆగస్టు, సెప్టెంబరులలో. కావున సంక్రాంతికి తలచి ఉగాదికి పంపెదమనుట కుదరదు, ఏడాది ముందుగా పూనుకొనవలెను. ఉద్దేశపత్రము, స్వయముగా వ్రాసిన ఇరువది పుటల వ్యాసమొకటి, మార్కుల పత్రములు, ఇంగ్లీషు పరీక్ష, ముగ్గురు ఉపాధ్యాయుల లేఖలు అడుగుదురు. సంఘ పెద్దల లేఖ వీనికి బదులు కాదు. విద్యార్థి సత్ప్రవర్తనుడను లేఖకంటె, అతడు వ్రాసిన ఫలానా వ్యాసమున ఫలానా తర్కము బాగున్నదను లేఖ విలువైనది. లేఖలకొరకు రెండు నెలలు ముందుగా అడుగవలెను. మేము యౌవనమున ఇట్లే ఒక చోటికి దరఖాస్తు పెట్టి, ఉపాధ్యాయుని లేఖ గడువు దాటిన మూడు వారములకు చేరుటచేత ఇంటనే ఉండిపోయినాము. ఆయనను మేము అడిగినది గడువుకు అయిదు దినముల ముందు.

ఇంగ్లండులో పద్ధతి వేరు. అక్కడ పరిశోధనా ప్రణాళికయే ప్రధానము. దానిని ముందుగా ఒక ఆచార్యునికి పంపి, ఆయన అంగీకరించినచో దరఖాస్తు చేయవలెను. కాలము మూడు నాలుగేండ్లు. అమెరికాలో అయిదారేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి.

డబ్బు విషయమున మా అభిప్రాయము నిష్కర్షగా చెప్పుదుము. మంచి అమెరికా విశ్వవిద్యాలయములు పిహెచ్.డి. విద్యార్థిని చేర్చుకొన్నప్పుడు రుసుము మాఫీచేసి జీవనవేతనమిచ్చును. అట్లు ఇవ్వని చోటికి అప్పుచేసి పోరాదు. కేంద్రప్రభుత్వము షెడ్యూల్డు కులములు మొదలగు వారికి ఇచ్చు జాతీయ విదేశీ విద్యార్థివేతనము గొప్పదే. కాని 2022లో మార్చిన నియమములలో భారతీయ సంస్కృతి, వారసత్వము, చరిత్ర, భారతదేశ విషయకమైన సాంఘికాధ్యయనములు దాని పరిధినుండి తొలగింపబడినవి. పోచమ్మను గూర్చి విదేశమున పరిశోధింపదలచిన మాదిగ యువకునికి ఇది అడ్డు. ఈ మార్పు మాకు న్యాయముగా తోచలేదు. ఏ యేటి ప్రకటన ఆ యేడు చదివికొని గాని ముందడుగు వేయరాదు.

పెద్దపల్లి యువకుడు ప్రస్తుతము ఎం.టిహెచ్. ప్రవేశమునకు చదువుచున్నాడు. హీబ్రూ క్రియారూపములను పొలముగట్టుపై కూర్చుండి వల్లెవేయుచున్నాడని తండ్రి మొన్న ఫోనులో చెప్పినారు. పాసుబుక్కు మరల పెట్టెలోనికి చేరినదట. ఉట్నూరు విద్యార్థిని తన దరఖాస్తును తిరుగవ్రాసినది. భాషల గడిలో చోటు చాలక ఒక కాగితము అదనముగా జతచేసినది.