జమీందారీ సాలలో పాత కారు

విజయనగరము, బొబ్బిలి, సాలూరు, కురుపాము, మందస, టెక్కలి అనగానే మనకు కోటలు, దివాణములు, అంబారీలు స్ఫురించును. ఆ దివాణములలో గుఱ్ఱపుసాలల సరసనే మోటారు బండ్లకును సాలలు వెలసిన కాలమొకటి కలదు. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము తరువాత ఆ బండ్ల పోషణ పలువురికి భారమైనది. ఏ పెరటి కొట్టులోనో, కొబ్బరిమట్టల మాటున, అట్టి బండి యొకటి నేడు మీ కంటబడినదనుకొనుడు. దానిని పోల్చుట యెట్లు? చెడకుండ మరియొక చోటికి చేర్చుట యెట్లు? ఈ రెండు ప్రశ్నలకే నా ప్రసంగము పరిమితము.

పెద్ద కారు ఏది కనబడినను "రోల్సురాయిసు" అనుట మనవారికి వాడుక. అది డైమ్లరు కావచ్చును, లాంచెస్టరు కావచ్చును, బెల్జియము దేశపు మినర్వా కావచ్చును. చిక్కు ఎక్కడనగా, ఆ కాలమున మేలుజాతి బండి తరచుగా ఒక్క కర్మాగారమున తయారైనది కాదు. కంపెనీవారు చట్రము, ఇంజను, చక్రములు మాత్రమే అమ్మెడివారు. పైనుండు గూడును, అనగా బాడీని, వేఱొక పనివారు కట్టి, తలుపు గడపవద్ద చిన్న రేకుమీద తమ పేరు చెక్కించెడివారు. ఆ రేకుమీద "బార్కరు, లండను" అని చదివి, ఇది బార్కరు కారు అని నిర్ధారించుట, పెట్టెమీది వడ్రంగి పేరు చూచి లోపలి నగను అతడే చేసెననుట వంటిది.

తెలుగునాట దీనికి మంచి నిదర్శనము హైదరాబాదు చౌమహల్లా భవనములో కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను 1911లో ఒక రోల్సురాయిసు బండికి ఉత్తరువిచ్చెను. ఆ యేట ఆగస్టులోనే ఆయన కాలధర్మము నొందెను. బండి ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖానునకు దక్కెను. చట్రము రోల్సురాయిసు వారిది. గూడు బార్కరు వారిది. పసుపుపచ్చని రంగు, వెనుక సింహాసనమువలె ఎత్తుచేసిన ఆసనము. అంతటి బండి నాలుగువందల మైళ్లయినను తిరుగలేదు! చిరకాలము కదలక పడియుండి, మరమ్మతు పొంది, నేడు సందర్శకులకు దర్శనమిచ్చుచున్నది. ఈ జాతిని లోకము సిల్వరు ఘోస్టు అనును. నిజమునకు ఆ పేరు 1907లో వెండివన్నె పూసిన ఒక్క బండిది. పిదప జాతికంతటికి అంటుకొన్నది.

కనుక ముఖము చూచి నిర్ణయింపరాదు. రేడియేటరు మీది రెక్కలబొమ్మ 1911లో చార్లెసు సైక్సు అను శిల్పి రూపొందించినది. విప్పి బిగింపదగినది గనుక ఏ బండికైనను అమర్చవచ్చును. డైమ్లరు రేడియేటరు నెత్తిన చాళ్లుండును. అది కొంత నయమైన గుర్తు. నమ్మదగినది నంబరొక్కటే. డ్రైవరు కాళ్లకును ఇంజనుకును నడుమనుండు పలకమీది రేకును, చట్రమును, ఇంజనును వెదకుడు. తుప్పును ఆకురాయితో గీయరాదు. కిరసనాయిలుతో తడిపిన మెత్తని గుడ్డతో ఓపికగా తుడువవలెను. రోల్సురాయిసు బండ్ల పాత చీటీలు ఇంగ్లండులోని అభిమానుల సంఘమువద్ద భద్రముగా నున్నవి. నంబరు చిక్కినచో బండిని ఎవరు కొనిరో, గూడు ఎవరు కట్టిరో వాటివలన తెలియగలదు. పాతసామాను వర్తకునకు ఆ రేకు గుప్పెడు ఇత్తడి. బండికి అదియే జాతకము.

ఇక తరలింపు. ఇంజను తిరుగునేమో చూతమను ఉబలాటము మొదటి శత్రువు. ఎండిన ఇంజను ఒక్క త్రిప్పుతో చెడగలదు. మన తీరమున ఉప్పుగాలి ఇనుమును, చెదలు గూటిలోని కొయ్యను తినును. పైరేకు నిగనిగలాడుచున్నను లోపలి కొయ్యపంజరము పిండియై యుండవచ్చును. కావున తలుపులు పట్టి ఎత్తరాదు, మోకు కట్టి ఈడ్వరాదు. చక్రములకు కొయ్య ఆకులున్నచో వానిపై దొర్లింపక, క్రింద చిన్న చక్రముల పీటలు అమర్చవలెను. ఇట్టి బండి ఇంచుమించు రెండు టన్నులుండును. మూతగల లారీలో నెక్కించి, ఇరుసులకు మెత్తని పట్టీలు బిగించుట క్షేమము.

అన్నింటికంటె ముందు వాకిలి కొలుచుకొనవలెను. నేనెరిగిన యొకచోట, సాల వాకిలి ఇరుకైనదని, గోడ పడగొట్టుటకు బదులు బండి వెనుకభాగమునే కోసిరి! గోడను మరల కట్టవచ్చును గదా. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము ఏబదియేండ్లు దాటిన బండ్లకు ప్రత్యేక నిబంధనలు తెచ్చినది. చట్రము, గూడు, ఇంజను పెద్దగా మార్పు చెందక, మూలరూపమున నున్న బండికే ఆ 'వీఏ' వరుస నంబరు దక్కును. రంపము తగిలిన బండికి ఆ ఆశ సన్నగిల్లును.

ఆశ్వయుజ కార్తికములు మనకు తుపానుల కాలము. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతమున చేసిన బీభత్సమును మనము మరువలేదు. సంక్రాంతి దాటిన పిదప, రోడ్లు పొడిగానున్నప్పుడు బండిని కదలించుట మేలు.

బండి లారీ ఎక్కిన పిమ్మట, అది నిలిచిన చోటి మట్టిని ఇసుక జల్లెడతో జల్లింపుడు. దీపపు అంచు, తలుపు పిడి, మరమేకులు, ఒక్కొక్కప్పుడు మనము వెదకిన నంబరు రేకే అందు దొరకవచ్చును. దొరకిన ప్రతిదానిని గుడ్డసంచిలో వేసి, ఏ వైపున దొరకినదో చీటీ వ్రాసి కట్టి, బండితోడనే పంపవలెను.