కట్లు విప్పినవారెవరు?
(స్మారకోపన్యాసం)



ఎవరి పేరున ఈ సభ జరుగుతోందో ఆ సారు పుస్తకం మూసి ఊళ్లోకి వెళ్లమని శిష్యుల్ని తరిమేవారు. చర్చి చరిత్ర రాసేవాడు చర్చి లోపలే కూర్చుంటే సగమే రాస్తాడని ఆయన పట్టుదల. ఆ మాట పట్టుకునే నేను డిచ్‌పల్లి కుష్ఠు దవాఖాన చుట్టూ తిరిగాను. పునరుత్థాన కథ ఈ నిజామాబాద్ జిల్లాకు ఏం ఆశ ఇచ్చిందని ఎవరైనా అడిగితే, నా వేలు ఇప్పటికీ అటే చూపిస్తుంది.

వెస్లియన్ మెథడిస్టు మిషన్ నైజాం రాజ్యంలోకి ఎలా వచ్చిందో, మిషనరీ పాస్నెట్ దొర మెదక్‌లో ఎలా పాతుకుపోయాడో, 1924 క్రిస్మస్ నాడు మెదక్ చర్చి ఎలా ప్రతిష్ఠ అయిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. మాల మాదిగ వాడల్లో సామూహికంగా బాప్తిస్మాలు తీసుకున్న సంగతీ తెలిసిందే. నిజం చెప్పాలంటే, మిషన్ రిపోర్టుల్లోని ఆ తలల లెక్కలు నాకెప్పుడూ రుచించలేదు. దాటేస్తాను.

ఈస్టర్‌కు ముందు రోజుల్లో చర్చిల్లో తరచూ వినబడే లాజరు కథ ఒకసారి గుర్తు చేసుకోండి. యోహాను సువార్త 11వ అధ్యాయం. చనిపోయి నాలుగు రోజులైంది, వాసన వస్తుందని సొంత తోబుట్టువే వారించింది. ప్రభువు పిలిచాడు, లాజరు లేచి వచ్చాడు. కానీ కాళ్లూ చేతులూ కట్లతోనే, ముఖానికి గుడ్డతోనే వచ్చాడు. ఆ కట్లు విప్పి పోనివ్వండని ప్రభువు అక్కడున్నవాళ్లకు పురమాయించాడు. ప్రాణం పోయడం దేవుడి వంతు, కట్లు విప్పడం ఊరి వంతు. ముక్కు మూసుకున్నవాళ్లే ముట్టుకోవాల్సి వచ్చింది. ఈ రోజు నా ఉపన్యాసమంతా ఈ ఒక్క మాట మీదే.

కుష్ఠు అనడానికి నోరు రాక మనవాళ్లు పెద్దరోగం అనేవారు. ఒంటి మీద స్పర్శ లేని మచ్చ తేలితే చాలు, మనిషి బతికుండగానే ఇంటికి కాకుండా పోయేవాడు. ఈ నిర్దయ మన సొంతమేమీ కాదు. మధ్యయుగ ఐరోపాలో కొన్ని చోట్ల రోగిని నిలబెట్టి, పూజారే అంత్యక్రియల వంటి తంతు జరిపి, పాదాల మీద మట్టి చల్లి పంపేవాడు. ఒకనాడు బతికున్నవాణ్ణి పాతిపెట్టింది చర్చే. కాబట్టి మిషన్ మిత్రులు మరీ ఛాతీ విరుచుకోవద్దు.

ఇక మన డిచ్‌పల్లి కథకు వద్దాం. ఇసబెల్ కెర్ స్కాట్లండ్ అమ్మాయి, అబర్డీన్‌లో వైద్యం చదివింది. భర్త జార్జి కెర్‌తో 1907లో హైదరాబాద్ రాజ్యానికి వచ్చింది. 1911లో నిజామాబాద్‌లో కుష్ఠు రోగుల కోసం చిన్న కేంద్రం తెరిచారు. వచ్చేవాళ్లు ఎక్కువై చోటు చాలలేదు. అప్పుడు చెయ్యి చాచి సొమ్మిచ్చినవాడు ఎవరు? నిజామాబాద్ రాజా నర్సాగౌడ్. బాప్తిస్మం తీసుకున్నవాడు కాదు, హిందువు. 1915లో డిచ్‌పల్లిలో దవాఖాన మొదలైంది. అంటే ఈ కథలో మొదటి ముడి విప్పిన చెయ్యి చర్చి బయటి చెయ్యి. అన్నం కోసం, మందు కోసం మతం మార్చారని ఒకే ముక్కలో తేల్చేసేవాళ్లు నర్సాగౌడ్‌ను ఎక్కడ కూర్చోబెడతారో నాకర్థం కాదు.

ఇక్కడ నా పాత తగాదా ఒకటి ఎత్తుకోక తప్పదు. అధ్యక్షులు క్షమించాలి.

వైద్య చరిత్రకారుల్లో ఒక వర్గం ఉంది. వాళ్ల వాదన ఇది: ఆనాటి మందు చాల్మూగ్రా జాతి గింజల నూనె. తాగితే వాంతి, సూదితో ఎక్కిస్తే భరించలేని నొప్పి. దాని గుణం ఎన్నడూ గట్టిగా రుజువు కాలేదు. తేలికరకం కుష్ఠు చాలామందిలో దానంతట అదే తగ్గుతుంది. కాబట్టి డిచ్‌పల్లి పంచింది ఉత్తుత్తి ఆశ.

మొదటి నాలుగు మాటలూ నాకు ఒప్పుదలే. చివరిదానితోనే నా పేచీ. కలకత్తాలో ఎర్నెస్ట్ మూయిర్ ఆ వైద్యాన్ని తీర్చిదిద్దినప్పుడు నూనె ఒక్కదాన్నే నమ్ముకోలేదు. మంచి తిండి, ఒంటికి పని, పక్కరోగాలకు మందు, అన్నీ కలిపాడు. అంతకన్నా ముఖ్యమైంది పరీక్ష. చెవితమ్మెను వేళ్లతో నొక్కిపట్టి, నెత్తురు రాకుండా సన్నటి గాటు పెడతారు. గాటు లోపల గీకిన తడిని గాజు పలక మీద పూసి, ఎర్రరంగు ఎక్కించి, ఆమ్లంతో కడిగి, నీలిరంగు అద్దుతారు. సూక్ష్మదర్శినిలో నీలం మీద ఎర్రటి గీతలు కనబడితే క్రిమి ఉన్నట్టు. ఈ రోగానికి కారణమని జనం అనుకున్న పూర్వజన్మ పాపానికి ఇలాంటి పరీక్ష ఉందా? పాపి అనిపించుకున్నవాడు రోగి అయ్యాడు. రోగం అన్నాక తగ్గే అవకాశం కూడా ఉన్నట్టే గదా! నూనె గుణం ఎంతన్నది వైద్యులు తేల్చుకోనీ. మనిషికి మళ్లీ రేపు అనేది ఒకటుందని చెప్పిన ఆ గాజు పలకను ఉత్తుత్తిది అనడానికి నాకు మనసొప్పదు.

అటు చర్చి చరిత్రకారులతోనూ నాకు పొసగదు. వాళ్లు దీన్నంతా అద్భుతం అంటారు. అద్భుతమే అయితే వారం వారం ఆ సూదులెందుకు?

చీటీ వచ్చింది, పది నిమిషాలే ఉన్నాయట. మిగతాది పరుగు మీద చెబుతాను. 1923లో కెర్ దంపతులకు కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1932లో ఇసబెల్ కన్నుమూసింది. డిచ్‌పల్లిలో పనిచేసిన డాక్టర్ జాన్ లో తర్వాత నైజీరియాలోని ఉజువాకోలికి వెళ్లి, కుష్ఠు మందు డాప్సోన్‌ను నోటి మాత్రగా ఇచ్చే వైద్యాన్ని నిలబెట్టాడు. అదే ఉజువాకోలిలో పనిచేసిన ఫ్రాంక్ డేవీ తర్వాత డిచ్‌పల్లికి వచ్చాడు. రోగి ముక్కు స్రావాల్లో క్రిములు ఎంత ఎక్కువో ఇక్కడి పరిశోధన చూపించింది. 1982లో బహుళ ఔషధ చికిత్స వచ్చింది. 2005 చివరికి దేశంలో కుష్ఠు ప్రజారోగ్య సమస్య కాదని ప్రకటించారు. 1898 నాటి కుష్ఠు రోగుల చట్టం 2016లో రద్దయింది. కుష్ఠు సాకుతో విడాకులు కోరే వీలును 2019లో తీసేశారు. చూశారా, మాత్ర పనిచేసిన చాలా ఏళ్లకు గానీ చట్టం కట్లు విప్పలేదు.

బోధన్ మిత్రులు షక్కర్‌నగర్ సంగతి అడుగుతారని తెలుసు. అక్కడ 1937లో పెట్టిన చక్కెర మిల్లు నిజాం షుగర్స్ 2015 చివర మూతపడింది. మళ్లీ తెరుస్తామన్న మాట మాత్రం మూతపడలేదు. దానికీ ఇదే కొలత. లేపుతామన్నవాళ్లు సరే, ముడి మీద చెయ్యి వేసేదెవరు? వివరంగా మాట్లాడే అర్హత చెరకు పండించినవాళ్లది, వచ్చే ఏడు వాళ్లనే పిలవండి.

ఈస్టర్ నాడు తెల్లారకముందే సమాధుల తోటకు వెళ్తాం. సున్నం వేసిన సమాధుల మీద బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, ఆయన లేచాడని పాడుకుంటాం. పాడుకుందాం. కానీ మందు వాడి నయమైనవాడికి ఇల్లు అద్దెకిస్తున్నామా, పనిలో పెట్టుకుంటున్నామా, వాళ్లింట్లో పిల్లనిస్తున్నామా? ఈ మూడింటికీ అవునని చెప్పగలిగిన ఊళ్లోనే ఆ పాటకు అర్థం ఉంటుంది. సారు శిష్యుడిగా నేను చెప్పదలచుకున్నది ఇంతే.