మనసు నెమరు వేస్తుంటే
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సోలాపూర్, భివండి నుంచి, కర్ణాటక, తమిళనాడు, ఒడిశా ఊళ్ళ నుంచి, యానాం నుంచి వచ్చిన మన కుటుంబాలు ఈ రోజు ఒకచోట కూర్చున్నాయి. బయట ఏ భాష మాట్లాడినా, ఇంట్లో ఒకరు దిగులుపడి మూల కూర్చుంటే మనమంతా అనే మాట ఒకటే: "వాడికి ఆలోచన ఎక్కువైంది." డాక్టరు డిప్రెషన్ అన్నా మనం ఆలోచన అనే అంటాం. మన పెద్దల ఈ మాటలో చాలా నిజముందని శాస్త్రం కూడా చెబుతోంది. ఆ సంగతే నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం.

ఆవు మేసిన మేతను నెమరు వేస్తుంది, అది అరుగుతుంది. మనసు కూడా నెమరు వేస్తుంది, కానీ అరగదు. "నాకే ఎందుకిలా అయ్యింది? ఆ అప్పు ఎందుకు చేశాను? వాళ్ళు అంత మాట ఎందుకన్నారు?" తిరిగి తిరిగి అదే. మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని రూమినేషన్ అంటారు. ఆ మాటకూ అర్థం నెమరే.

దీని మీద ఎక్కువగా పని చేసినావిడ అమెరికాకు చెందిన సూసన్ నోలెన్ హోక్సెమా. 1989 అక్టోబరు 17న శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. దానికి సరిగ్గా 14 రోజుల ముందు ఆమె, జానే మారో కలిసి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థుల మనసు తీరును ప్రశ్నలతో కొలిచి ఉంచారు. భూకంపం తర్వాత 10 రోజులకు, మళ్ళీ 7 వారాలకు 137 మందిని చూశారు. అపాయాన్ని దగ్గరగా చూసినవాళ్ళు మొదటి 10 రోజుల్లో ఎక్కువ కుంగారు. అది సహజమే. కానీ ఆ 10 రోజులూ జరిగిందాన్నే నెమరు వేసుకున్నవాళ్ళలో 7 వారాల తర్వాత కూడా దిగులు ఎక్కువగానే ఉంది. కష్టం అందరికీ వచ్చింది. నెమరు వేసినచోట అది నిలిచిపోయింది.

ఆమె చేసిన ఇంకో పరీక్ష చిన్నది. అప్పటికే దిగులుగా ఉన్నవాళ్ళలో కొందరిని 8 నిమిషాలు తమ గురించే, తమ బాధ గురించే ఆలోచించమన్నారు. మిగిలినవాళ్ళను ఆకాశంలో మబ్బులు కమ్ముకోవడం లాంటి బయటి సంగతులు ఊహించుకోమన్నారు. మొదటివాళ్ళ దిగులు పెరిగింది, రెండోవాళ్ళది తగ్గింది. తర్వాతి పరీక్షల్లో తేలిందేమిటంటే, దిగులుగా ఉండి నెమరు వేసేవాళ్ళకు సమస్యకు మంచి దారి కూడా తోచదు. ఆలోచిస్తున్నాం కదా, ఏదో ఒక దారి దొరుకుతుందిలే అనుకుంటాం. దొరకదు.

మన పనిలోనే ఒక ఇబ్బంది ఉంది. అలవాటైన చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది, మనసు ఖాళీగా ఉంటుంది. పవర్‌లూమ్ షెడ్డులో అయితే ఆ చప్పుడుకు పక్కవాడితో ఒక మాట కూడా కలవదు. షిఫ్టు అంతా మనిషి, అతని ఆలోచన, అంతే.

అలాంటివాడు ఇంటికొస్తే మనం ఏమంటాం? "ఊరికే ఆలోచించకు." ప్రేమతోనే అంటాం, కానీ పని చెయ్యదు. 1987లో డానియల్ వెగ్నర్ అనే ఆయన కొందరిని 5 నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దన్నాడు. అది గుర్తొచ్చినప్పుడల్లా గంట కొట్టమన్నాడు. గంట మోగుతూనే ఉంది. తర్వాత ఆలోచించమంటే, మొదటినుంచీ ఆలోచించినవాళ్ళ కన్నా వీళ్ళకే అది ఎక్కువగా వచ్చింది. వద్దంటే పోయేది కాదు, దారి మళ్ళించాలి.

ఎలా మళ్ళించాలి? ఇంగ్లండులో ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ వాట్కిన్స్ దీనికొక చికిత్స తయారు చేశారు. "నాకే ఎందుకు" అనే ప్రశ్న నుంచి "ఎప్పుడు, ఎక్కడ, ఎలా జరిగింది, ఇప్పుడు ముందుగా చెయ్యాల్సింది ఏమిటి" అనే ప్రశ్నకు మనసును అలవాటు చెయ్యడం అందులో ముఖ్యం. మందులు వాడుతున్నా దిగులు పూర్తిగా వదలని 42 మందితో పరీక్ష చేస్తే, ఈ చికిత్స కూడా అందుకున్నవాళ్ళు మిగతావాళ్ళ కన్నా బాగా కోలుకున్నారు.

ఇది మనకు కొత్త విద్య కాదు. మగ్గం మీద పోగు తెగితే నా రాత ఇంతేనని కూర్చోం, ముడి వేసి నేస్తాం. మాటిమాటికీ తెగుతుంటే అప్పుడు కారణం వెతుకుతాం: గంజి తక్కువైందా, అచ్చులో పట్టేస్తోందా? అదీ "ఎందుకు" అనే ప్రశ్నే, కానీ దానికి జవాబు దొరుకుతుంది, చెయ్యి కదులుతుంది. జవాబు లేని "ఎందుకు" మాత్రమే నెమరు.

కాబట్టి ఇంట్లోవాళ్ళు అడిగే ప్రశ్న మారాలి. "ఎందుకలా ఉన్నావ్?" అనకుండా, "ఈ వారం కట్టాల్సింది ఎంత? రావాల్సింది ఎవరి దగ్గర ఉంది? రేపు నేనూ తోడొస్తా, పద" అనండి. కాగితం మీద రాయించండి. సాయంత్రం పది నిమిషాలు బయటకు తీసుకెళ్ళండి.

ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. కూలి చాలకపోవడం, నూలు ధర, అప్పు, ఇవన్నీ నిజమైన కష్టాలు. ఆలోచన మార్చుకుంటే అప్పు తీరదు. ఆ పోరాటం సమాఖ్యగా మనమంతా చెయ్యాల్సిందే. కానీ పోరాడటానికి మనిషి నిలబడి ఉండాలి కదా.

రెండు వారాలు దాటినా దిగులు వదలక, నిద్ర, తిండి, పని మీద ధ్యాస చెడితే అది జబ్బు. బద్ధకం కాదు, గ్రహబలం కాదు. డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి. చచ్చిపోతానన్న మాట నోట వస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దు, మనిషిని ఒంటరిగా వదలవద్దు. 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ నడుపుతోంది. నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. పరాయి రాష్ట్రంలో ఉన్న మనకు ఇది పెద్ద సాయం. మనసులో బాధ అమ్మభాషలోనే కదా బయటికి వచ్చేది.

ఇంటికెళ్ళగానే ఆ నంబరు గోడ మీద క్యాలెండరులో రాసి పెట్టండి. మన వీధిలో నెలరోజులుగా ఎవరి మగ్గం చప్పుడు వినబడటం లేదో ఒకసారి గుర్తు చేసుకోండి. రేపు వాళ్ళింటి తలుపు తట్టండి.