అంగడి కార్డు, ఆవు అప్పు



పొదుపు లెక్క అయింది. ఇంకొక్క మాట చెప్తాను, వినండి. అంగడిలో ఇచ్చే కంతుల కార్డు గురించి.

మూడేండ్ల కిందట దసరాకు తిరుపతి పోయినాను. ఫ్రిజ్ చూసినాను. చేతిలో డబ్బు లేదు. అంగడి అబ్బాయి, "డబ్బెందుకమ్మా? కార్డు తీసుకో. వడ్డీ లేదు. నెలకు 1,500. పన్నెండు కంతులు" అన్నాడు. ఆధార్ చూపించినాను. ఫోనుకు ఓటీపీ అంకెలు వచ్చినాయి. చదివి చెప్పినాను. ఫ్రిజ్ ఇంటికొచ్చింది.

ఆ అంకెలు చెప్తే సంతకం పెట్టినట్టే. అక్షరాలు నేర్చుకున్నాక వేలిముద్ర వేయనని ఒట్టు పెట్టుకున్నదాన్ని నేను. ఆ రోజు వేసింది వేలిముద్రే.

లెక్క వేయండి. పన్నెండు కంతులు 18,000. కార్డుకు, కాగితాలకు 700. మొత్తం 18,700. రొక్కమిస్తే అదే ఫ్రిజ్ పక్క అంగడిలో 17,000. నేను 1,700 ఎక్కువ కట్టినాను. దాన్ని వడ్డీ అనరంట!

అది పోనీ. అసలు దెబ్బ వేరే. కంతు ప్రతి నెలా 5వ తేదీన బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే పోతుంది. ఆ ఏడు మా ఆవు వట్టిపోయింది. పాల డబ్బు ఆగింది. మూడు కంతులు తప్పినాయి. బ్యాంకు ఒక పక్క, కార్డు వాళ్లు ఒక పక్క జరిమానా వేసినారు. తర్వాత అంతా కట్టేసినాను. ఇంక తీరిపోయిందనుకున్నాను.

పోయినేడు ఇంకో ఆవు కొందామని బ్యాంకుకు పోయినాను. మేనేజరు కంప్యూటరు చూసి, "మీ స్కోరు తక్కువమ్మా" అన్నాడు. నేనే పరీక్ష రాసినాను సార్ అని అడిగినాను.

మన అప్పుల లెక్క రాసిపెట్టే సంస్థలు ఉన్నాయి. సిబిల్ వాటిలో ఒకటి. 2000లో పుట్టింది. తేదీకి కట్టినామా లేదా అని అప్పిచ్చినవాళ్లు దానికి తెలుపుతారు. దాన్ని బట్టి 300 నుండి 900 వరకు మార్కు ఇస్తారు. 750 దాటితే బ్యాంకులు మంచిదంటాయి. ఫ్రిజ్ అప్పు చిన్నదే కదా అని వదిలిపెట్టరు. నాలుగు చోట్ల కార్డు అడిగితే అదీ రాసుంటుంది. ఈమెకు డబ్బు ఇబ్బంది ఉందేమో అనుకుంటారు.

కార్డు చెడ్డదని నేననను. మా వదిన మిక్సీ అట్లే కొనింది. తేదీ తప్పకుండా కట్టింది. ఆమె మార్కు పెరిగింది. కానీ ఆమెకు నెల జీతం. మనది పాలు, కూలి. కంతు తేదీకి ముందు డబ్బు చేతికొస్తుందా? ఆ మాట నేను చూసుకోలేదు.

మన లెక్క కాగితం ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. దానికి ఎవరికీ రూపాయి ఇవ్వొద్దు. అందులో తప్పుంటే రాసి పంపండి. 30 దినాల్లో తేల్చాలి. ఆలస్యమైతే దినానికి 100 రూపాయలు మనకే ఇవ్వాలి.

నా కాగితం తెచ్చినాను. తప్పిన మూడు కంతులు ఇప్పటికీ ఉన్నాయి ఇందులో. రాత ఇంగ్లీషు. అంకెలు మనకు తెలిసినవే. లైటు కిందికి రండి. మొదట ఎవరు చదువుతారు?