సొంతంగా బిల్డ్ చేసిన లినక్స్‌లో రూట్ పాస్‌వర్డ్ పడట్లేదా? ఇలా చూడండి

పోయిన ఎపిసోడ్ కింద ఎక్కువమంది అడిగింది ఒకటే. "అన్నా, రెండు రోజులు కూర్చుని లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ మొత్తం బిల్డ్ చేశాను, తీరా రీబూట్ చేస్తే లాగిన్ ఇన్‌కరెక్ట్ అంటోంది. మళ్ళీ మొదటి నుంచీ చెయ్యాలా?" అక్కర్లేదు. మీరు కంపైల్ చేసిందంతా డిస్క్‌లో భద్రంగానే ఉంది. తాళం రాకపోతే ఇల్లు పడగొట్టుకోం కదా.

కొత్తవాళ్ళ కోసం ఒక్క మాట. ఇది 1999లో గెరార్డ్ బీక్‌మన్స్ మొదలుపెట్టిన పుస్తకం. ఉబుంటులాగా రెడీమేడ్ కాదు, ఒక్కో ప్రోగ్రామ్‌నీ సోర్స్ నుంచి మనమే కంపైల్ చేసుకోవాలి. అప్పటికే పనిచేస్తున్న లినక్స్‌ని హోస్ట్ అంటాం. అందులోంచి సీహెచ్‌రూట్ కొట్టి కొత్త సిస్టమ్‌లోకి దిగుతాం.

అసలు గొడవంతా ఇక్కడే. మీరు పాస్‌వర్డ్ పెట్టింది ఏ సిస్టమ్‌కి? గుంటూరైనా, చిలకలూరిపేటైనా, ఒంగోలైనా ఎండాకాలం కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా! కరెంటు పోయిందంటే సీహెచ్‌రూట్ కూడా పోయినట్టే. కంప్యూటర్ మళ్ళీ ఆన్ చేశాక పార్టిషన్ మౌంట్ చెయ్యాలి, డెవ్, ప్రాక్, సిస్, రన్ మౌంట్ చెయ్యాలి, ఆ తర్వాతే లోపలికి వెళ్ళాలి. అది మర్చిపోయి హోస్ట్‌లోనే "పాస్‌వర్డ్ రూట్" కమాండ్ కొడితే మారేది హోస్ట్ పాస్‌వర్డే. అది నాన్నగారి పురుగుమందుల కొట్లో బిల్లులు కొట్టే కంప్యూటర్ అనుకోండి, ఇంక చెప్పక్కర్లేదు. ఉబుంటులో మామూలుగా రూట్ లాక్ చేసే ఉంటుంది, పనంతా సుడోతోనే. పొరపాటున పాస్‌వర్డ్ పెట్టేస్తే, సుడోతో అదే కమాండ్‌కి హైఫన్, చిన్న ఎల్ తగిలించి మళ్ళీ లాక్ చేసెయ్యండి.

ఇప్పుడు ప్రాంప్ట్ చూడండి. ముందు బ్రాకెట్లో ఎల్‌ఎఫ్‌ఎస్ సీహెచ్‌రూట్ అని ఉందా? లేకపోతే మీరు బయటే ఉన్నారు. ఇంకో గుర్తు కూడా ఉంది. "అథెంటికేషన్ టోకెన్ మానిప్యులేషన్ ఎర్రర్" అని వచ్చిందంటే ఆ మాట పామ్ అనే లైబ్రరీది. మూల పుస్తకం ప్రకారం కట్టే షాడో ప్యాకేజీలో పామ్ ఉండదు. కాబట్టి ఆ ఎర్రర్ చూశారంటే చాలావరకు హోస్ట్‌లో ఉన్నట్టే.

లోపలే ఉన్నారు, అయినా అవ్వట్లేదు. అప్పుడు ఈటీసీ ఫోల్డర్‌లో రెండు ఫైళ్ళు చూడాలి. పాస్‌వర్డ్ ఫైల్ నోటీసు బోర్డు లాంటిది, ఎవరైనా చదవొచ్చు. షాడో ఫైల్ బీరువా లాంటిది, అసలు సరుకు అందులో ఉంటుంది. బీరువా తయారు చేసేది "పీడబ్ల్యూకన్వ్" కమాండ్. ఒక్క లైనే కదా అని దాన్ని దాటేసేవాళ్ళు చాలామంది. ముందు అది కొట్టి, ఆ తర్వాత పాస్‌వర్డ్ పెట్టండి. పడిందో లేదో తెలియాలంటే హైఫన్, పెద్ద ఎస్ పెట్టి చూడండి. పీ వస్తే పాస్‌వర్డ్ ఉంది, ఎల్ వస్తే లాక్ అయింది, ఎన్‌పీ వస్తే అసలు లేదు.

"కెనాట్ లాక్" అంటోందా? మళ్ళీ కరెంటు కథే. పాస్‌వర్డ్ రాస్తుండగా మెషిన్ ఆగిపోతే షాడో డాట్ లాక్, పాస్‌వర్డ్ డాట్ లాక్ లాంటి ఖాళీ ఫైళ్ళు మిగిలిపోవచ్చు. వేరే టెర్మినల్‌లో ఆ పని నడవట్లేదని చూసుకుని వాటిని తీసెయ్యండి. ఆ పక్కనే ఉన్న అసలు ఫైళ్ళ జోలికి మాత్రం పోకండి.

పాత పీడీఎఫ్ పట్టుకుని కొత్త సోర్సులు దించుకునేవాళ్ళకి ఇంకో చిక్కు. 2023 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ 2.38 నుంచి పాస్‌వర్డ్‌ని హాష్ చేసే లిబ్‌క్రిప్ట్ డిఫాల్ట్‌గా రావట్లేదు. అందుకే ఆ సెప్టెంబర్‌లో వచ్చిన 12.0 పుస్తకంలో లిబ్‌ఎక్స్‌క్రిప్ట్‌ని విడిగా చేర్చారు. పుస్తకం ఏదైతే, సోర్సులు కూడా ఆ పుస్తకం చెప్పినవే వాడండి.

ఇక చిన్నవి. టైప్ చేస్తుంటే చుక్కలు కూడా కనబడవు, అది మామూలే. డెస్క్‌టాప్‌లో పాస్‌వర్డ్ పెట్టినప్పుడు నమ్‌లాక్ ఆన్‌లో ఉండి, కన్సోల్‌లో ఆఫ్‌లో ఉంటే పక్క ప్యాడ్ అంకెలు పడవు. పై వరస అంకెలు వాడండి. తెలుగు కీబోర్డ్ ఆన్‌లో ఉండగా పాస్‌వర్డ్ పెట్టారా? కన్సోల్‌లో ఆ అక్షరాలు కొట్టడం మీ తరం కాదు, మార్చెయ్యండి.

బూట్ అయ్యాక బయట ఉండిపోయినవాళ్ళకి సులువైన దారి హోస్ట్‌లోంచి మళ్ళీ సీహెచ్‌రూట్. హోస్ట్ లేకపోతే గ్రబ్ మెనూలో "ఈ" నొక్కండి. లినక్స్ అని మొదలయ్యే లైన్లో ఆర్‌ఓ తీసి ఆర్‌డబ్ల్యూ పెట్టండి, చివర్లో ఇనిట్ ఈజీక్వల్టు బిన్ బాష్ అని స్క్రీన్ మీద ఉన్నట్టే రాయండి. కంట్రోల్ ఎక్స్ కొడితే నేరుగా రూట్ షెల్ వస్తుంది. పాస్‌వర్డ్ పెట్టి, సింక్ కొట్టి, అప్పుడు ఆఫ్ చెయ్యండి. ఆర్‌డబ్ల్యూ మర్చిపోతే డిస్క్ మీద రాయనివ్వదు, మళ్ళీ అదే "కెనాట్ లాక్". ఇంత సులువుగా లోపలికి వెళ్ళొచ్చా అంటే, అవును, కీబోర్డ్ చేతిలో ఉన్న ఎవరైనా వెళ్ళొచ్చు. హాస్టల్లో ఉండేవాళ్ళు గ్రబ్‌కి కూడా పాస్‌వర్డ్ పెట్టుకోండి.

ఇవన్నీ చూశాక కూడా అవ్వకపోతే, పెద్ద ఎస్ కమాండ్‌కి వచ్చిన జవాబు కామెంట్‌లో పెట్టండి. షాడో ఫైల్ ఫోటో మాత్రం పెట్టకండి తమ్ముళ్ళూ.