కొట్టుగది, పొయ్యి వెనుక రేకు

ఇల్లు కట్టదలచిన వారు మొదట ఆలోచించేది ముందరి గదిని గూర్చి. చిట్టచివర ఆలోచించేది వంటింటిని గూర్చి. ఇక సరుకులు దాచుకొనే కొట్టుగది మాట చెప్పనే అక్కరలేదు. మెట్ల క్రింద మిగిలిన మూలయో, అన్ని గదులకు పోగా దక్కిన జానెడు చోటో దాని పాలబడుతుంది. అతిథి గడియసేపు కూర్చునే చోటికి ఎంతో శ్రద్ధ చూపుతాము. ఇల్లాలు ప్రతిదినము కొన్ని గంటలపాటు నిలువుకాళ్ళ మీద ఉండే చోటిని మాత్రము మిగిలినది మిగిలినట్లు విడిచిపెడతాము. ఇది న్యాయమా అని శ్రోతలనే అడుగుతున్నాము.

ఈ ప్రసంగములో మేము చెప్పదలచినవి రెండు చిన్న విషయాలు. కొట్టుగదిని ఎక్కడ, ఏ విధముగా అమర్చుకోవాలి అనేది మొదటిది. పొయ్యి వెనుక గోడకు లోహపు రేకు వేయదలచితే ఏ లోహము మంచిది అనేది రెండవది. రెండింటికీ సూత్రము ఒక్కటే: వంటింటిని చూచే కంటితో గాక, అక్కడ పనిచేసే చేతితోను, నడిచే కాలితోను కొలవాలి.

మన సికిందరాబాదులోనే దీనికి చక్కని నిదర్శనమున్నది. నిజాం సికందర్ జా పేరు మీదుగా 1806లో ఈ ఊరికి ఈ పేరు వచ్చింది. దండు విడిసిన ఊరు కనుక పాతవారు దీనిని లష్కరు అనడము కద్దు. దండులోని పాత బంగళాలలో వంటిల్లు పెరటివైపున విడిగా ఉండేది. పొగ ఇంట్లోకి రారాదని, ఒకవేళ నిప్పంటుకొన్నా అసలు ఇల్లు దక్కాలని ఆ ఏర్పాటు. బొల్లారములోని రాష్ట్రపతి నిలయము 1860లో కట్టినది. సుమారు 90 ఎకరాల ఆవరణ, ఒంటి అంతస్తు భవనము. దానికి వంటశాల వేరే కట్టడములో ఉన్నది. అక్కడినుండి భోజనశాలకు వంటకాలు చేర్చడానికి నేలలో సొరంగమార్గమొకటి ఏర్పరచారు. 2023 మార్చిలో ఆ భవనాన్ని ఏడాది పొడుగునా ప్రజల సందర్శనకు తెరచినప్పుడు, ఆ సొరంగాన్ని చేర్యాల చిత్రాలతో అలంకరించి చూపారు.

ఆ సొరంగమును తలచుకొంటే మాకొక ఆలోచన తట్టుతుంది. అది వడ్డించేవారిని ఎండ నుండి, వాన నుండి కాచి ఉండవచ్చు. వారి అడుగులను మాత్రము తగ్గించలేదు. వేడి పాత్రలు మోసుకొని నడిచినవారు నౌకర్లు. బల్ల ముందు కూర్చున్న యజమానికి ఆ దూరము తెలియదు. నేటి మన ఇండ్లలో నౌకర్ల పటాలము లేదు, సొరంగమూ లేదు. దూరము మాత్రము ఉన్నది. పొయ్యి ఒక మూల, బియ్యపు డబ్బా వేరొక మూల, పప్పుల సీసాలు అటక మీద. ఈ అడుగులన్నీ ఇల్లాలివి.

ఇట్టి అడుగులను శ్రద్ధగా లెక్కపెట్టినవారు లేకపోలేదు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరములో సామాన్య కుటుంబాలకై ఇండ్లు కట్టించేటప్పుడు, మార్గరెటే షుట్టె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా దేశపు మహిళ 1926లో ఒక వంటింటి నమూనా సిద్ధము చేసింది. వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడవు సుమారు 3.4 మీటర్లు, అంతే. ఏ పనికి ఎన్ని అడుగులు, ఎంత కాలము పట్టునో చూచి, దానిని బట్టి ప్రతి వస్తువుకు చోటు నిర్ణయించారు. బియ్యము, పంచదార వంటి సరుకులకు పిడియు మూతియు గల అల్యూమినియం సొరుగులు, వాటి మీద సరుకు పేర్లు. సొరుగును లాగి చేతబట్టుకొని నేరుగా గిన్నెలోకి వంపుకోవచ్చు. ఆ నమూనాలో సుమారు 10,000 వంటిండ్లు వెలసినవి. అయితే ఆనాటికి తనకు వంట చేసిన అనుభవమే లేదని ఆమెయే తరువాతి కాలములో చెప్పుకొన్నది. అడుగుల లెక్క శాస్త్రము చెప్పగలదు. చారు సంగతి, తాళింపు సంగతి మన ఇంటి ఇల్లాలే చెప్పాలి.

ముందు కొట్టుగదిని చూద్దాము. గాదెలు, పాతరలు కట్టుకొన్న మన పెద్దలకు ధాన్యానికి గల శత్రువులు తెలుసు: వేడి, చెమ్మ, పురుగు. వేసవిలో సికిందరాబాదు ఇండ్ల పడమటి గోడలు సాయంకాలానికి కాగిన పెనములవలె ఉంటవి. కనుక కొట్టుగది పడమటి గోడను ఆనుకొనరాదు. ఆగ్నేయమూల వంట చేసుకొనే ఆచారము గలవారు దానికి ఉత్తరపు ప్రక్కన కొట్టుగది ఉంచుకొంటే వేడీ తగ్గుతుంది, నడకా తగ్గుతుంది. స్నానాల గదితో ఉమ్మడి గోడ వద్దు, చెమ్మ దిగుతుంది. గాలి ఆడడానికి పైన చిన్న కిటికీ, దానికి సన్నని జాలి ఉండాలి. ఎండ మాత్రము నేరుగా లోపల పడరాదు. వెలుతురు తగిలిన నూనె త్వరగా కనరెక్కుతుంది.

బియ్యములో ముక్కపురుగు పడితే వేపాకు వేస్తాము, మంచిదే. అంతకన్న ముఖ్యమైనది ఇంకొకటి ఉన్నది. డబ్బా అడుగున పాత బియ్యము ఉండగానే కొత్త బియ్యము పోయరాదు. ఆ పిడికెడు పాత గింజలలోని పురుగే కొత్త బియ్యానికి విత్తనము. డబ్బా ఖాళీ చేసి, తుడిచి, ఎండబెట్టి, బాగుగా ఆరిన బియ్యము పోసి మూత బిగించండి.

అరలు లోతుగా ఉంటే సరుకు ఎక్కువ పడుతుందని చాలామంది అనుకొంటారు. వెనుక వరుసలో పడిన సీసా మరల కంటబడేది సంక్రాంతికి ఇల్లు దులిపినప్పుడే. ఒక అడుగు లోతు చాలును. ప్రతిపూట కావలసిన ఉప్పు, పప్పు, చింతపండు, పోపుల పెట్టె నడుము ఎత్తునుండి కంటి ఎత్తు వరకు ఉండాలి. బియ్యపు డబ్బా, నూనె డబ్బా, ఆవకాయ జాడీ వంటి బరువులు క్రింది అరలో ఉండాలి. ఏ పండుగకో దించే గంగాళము పై అరలో ఉన్నా నష్టము లేదు. నిండు జాడీని తలకు పైయెత్తునుండి దించడమంటే ఊరగాయకే కాదు, మనిషికీ అపాయమే.

మన వైపు అరలకు కడప రాయి, తాండూరు రాయి, షాబాదు బండ వాడడము చిరకాలపు అలవాటు. వాటికి చెద పట్టదు; చల్లగా ఉంటవి; ఖర్చు తక్కువ. కాని ఈ మూడును సున్నపురాతి జాతివే. పులుపు తగిలితే కరుగుతవి. నిమ్మచెక్క పెట్టి మరచిన చోట రాతి మీద వెలిసిన మచ్చ పడడము మీరు చూచే ఉంటారు. అందువలన ఊరగాయ జాడీల క్రింద ఒక పింగాణీ పళ్ళెము ఉంచండి. పొయ్యి పెట్టే గట్టుకు మాత్రము గ్రానైటు మేలు. దానిని మన పులుసు ఏమీ చేయలేదు.

ఇక పొయ్యి వెనుక గోడ. పోపు లేనిదే మన వంట పూర్తికాదు. కాగిన నూనెలో ఆవాలు చిటపటలాడినప్పుడెల్ల నూనె తుంపర గోడ మీద పడుతుంది. దాని మీద పసుపు, కారము, మసి. సున్నము వేసిన గోడ ఆ జిడ్డును పీల్చుకొంటుంది. పింగాణీ పలకలు మేలే గాని, పలకల నడుమనున్న సిమెంటు గీతలు జిడ్డు పట్టి నల్లబడతవి. అతుకులు లేని లోహపు రేకును ఒక్క తుడుపుతో శుభ్రము చేయవచ్చును. పెద్ద పెద్ద హోటళ్ళ వంటశాలలలో స్టీలు రేకులు కనబడేది ఇందుకే.

అయితే లోహములన్నీ ఒక్కటి కావు. మేము చేసిన పొరపాటును ఇక్కడ చెప్పక తప్పదు. మారేడుపల్లిలో మేము కాపురమున్న ఇంట వంటిల్లు బాగుచేయించినప్పుడు, తళతళలాడుతున్నదని, పైగా చవక అని అల్యూమినియం రేకు తెచ్చి బిగించాము. ఎవరినీ అడుగలేదు, వంట చేసేవారిని అసలే అడుగలేదు. కొన్ని నెలలకు చారు తుంపరలు పడిన చోటెల్ల బూడిదరంగు మచ్చలు తేలినవి. వాటిని పోగొట్టడానికి చాకలి సోడాతో రుద్దించాము. మచ్చలు పోలేదు సరిగదా, రేకంతా నల్లబడినది. “మీరు గోడను చూచి కొన్నారు, నన్నడిగితే చారును చూచి కొనమనేదాన్ని” అన్నది మా శ్రీమతి.

ఆ మాటలో రసాయనశాస్త్రమంతా ఉన్నది. చింతపండులో టార్టారిక్ ఆమ్లము దండిగా ఉంటుంది. అల్యూమినియమును ఆమ్లమూ తింటుంది, సోడా వంటి క్షారమూ తింటుంది. జింకు పూత పూసిన ఇనుపరేకు ఇంకను బలహీనము. పులుపుకు పూత కరిగి, అడుగున ఉన్న ఇనుము త్రుప్పు పడుతుంది. రాగి, ఇత్తడి రేకులు చూడ ముచ్చటగా ఉంటవి. కాని ఇత్తడి బిందెను చింతపండుతో తోమితే ఎందుకు మెరుస్తున్నది? పైన పట్టిన కిలుమును ఆమ్లము కరిగించివేస్తుంది కనుక. అదే ఆమ్లము గోడ మీద చుక్కలు చుక్కలుగా పడితే మచ్చలు మచ్చలుగా కరిగించి, పిదప పచ్చని చిలుము పట్టిస్తుంది. ఇత్తడి గిన్నెలకు మన పెద్దలు కళాయి పూయించినది ఈ బాధకే. గిన్నెకు కళాయి వేయవచ్చును. గోడకు ఏటేట ఎవరు వేయగలరు?

మిగిలినది తుప్పుపట్టని ఉక్కు. ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణములో హ్యారీ బ్రియర్లీ 1913లో క్రోమియము కలిపిన ఇట్టి ఉక్కును తయారుచేశాడు. ఉక్కులో కనీసము నూటికి 10.5 వంతులు క్రోమియము ఉంటే, గాలి తగులగానే దాని మీద కంటికి కనబడని సన్నని పొర ఏర్పడుతుంది. ఆ పొరయే కవచము. గీత పడితే గాలిలోని ప్రాణవాయువుతో తనంతట తానే తిరిగి పూడుకొంటుంది. కొనేటప్పుడు 304 రకము అడగండి. అందులో క్రోమియము సుమారు 18 వంతులు, నికెలు సుమారు 8 వంతులు ఉంటవి. అయస్కాంతము అంటకపోతే మంచి స్టీలు అని అంగళ్ళలో అనడము వింటుంటాము. అది పూర్తిగా నమ్మదగిన పరీక్ష కాదు. నికెలు తగ్గించి మాంగనీసు కలిపిన చవక రకాలకు కూడా అయస్కాంతము అంటదు. త్రుప్పు మాత్రము త్వరగా అంటుతుంది. బిల్లు మీద రకము సంఖ్య వేయించుకోవడమే మేలు.

రేకు సుమారు 1 మిల్లీమీటరు దళసరి ఉండాలి. మరీ పలుచనైతే వేడికి ఉబ్బి చప్పుడు చేస్తుంది. అంచులు మడిపించాలి, లేకున్న చేతిని కోస్తవి. గట్టునుండి పైన చిమ్నీ వరకు, పొయ్యికి అటు ఇటు జానెడు చొప్పున ఎక్కువగా వేయించండి. రేకు వెనుక ప్లైవుడు పెట్టడము కొన్నిచోట్ల చూస్తున్నాము. అది కూడదు. లోహము తాను మండదు గాని వేడిని వెనుకకు పంపుతుంది. ఏండ్ల తరబడి వేడి తగిలిన కర్ర సులువుగా అంటుకొనే స్థితికి వస్తుంది. గోడకే గాని, సిమెంటు పలకకు గాని బిగించాలి. రేకులో కరెంటు ప్లగ్గులు పెట్టరాదు. తప్పనిసరియైతే రేకుకు ఎర్తు చేయించాలి. ఇనుప పీచుతోను, బ్లీచింగు నీళ్ళతోను తోమవద్దు. గోరువెచ్చని సబ్బునీటితో గీత వాటముగా తుడిచి, పొడిగుడ్డతో ఆర్పితే చాలును.

కొట్టుగదికి, పొయ్యికి సంబంధించిన ఒక ముఖ్యమైన హెచ్చరిక ఉన్నది. పొయ్యి వెనుక గోడయే కొట్టుగది గోడ కాకుండా చూచుకోండి; గోడకు ఈ వైపు వేడి ఆ వైపు నూనెకు, పప్పుకు చేరుతుంది. అంతకన్న పెద్ద అపాయము మరొకటి. 14.2 కిలోల గ్యాసు సిలిండరు కంటికి ఇంపుగా లేదని దానిని కొట్టుగదిలో పెట్టి తలుపు మూసేవారున్నారు. ఈ వాయువు గాలికన్న బరువైనది. కారితే పైకి పోదు. నీటివలె నేల మీద పరచుకొని పల్లమునకు చేరుతుంది. మూసిన గదిలో పోగైన వాయువుకు ఒక్క స్విచ్చి మిణుకు చాలును. సిలిండరు నిలువుగా, గాలి ఆడే చోట, నేలమట్టాన బయటికి రంధ్రమున్న చోట ఉండాలి. వాసన తగిలితే స్విచ్చి వేయనూ వద్దు, తీయనూ వద్దు. రెగ్యులేటరు కట్టివేసి, తలుపులు కిటికీలు తెరచి బయటికి రండి.

మేస్త్రీని పిలిచే ముందు ఒక్క పూట ఒక చిన్న పని చేయవలసినదిగా శ్రోతలను కోరుతున్నాము. ఇంట్లో చదువుకొనే పిల్లవాని చేతికి సుద్దముక్క ఇచ్చి, వంట వేళ అమ్మ సరుకుల కోసం ఎన్నిసార్లు నడిచినదో, ఎన్నిసార్లు వంగినదో, ఎన్నిసార్లు మునివేళ్ళ మీద నిలిచి చేయి చాచినదో నేల మీద గీతలు గీయమనండి. వంట కాగానే ఆ గీతలు లెక్కపెట్టి, వంట చేసినవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని అప్పుడు పటము గీయండి. మేము అల్యూమినియం రేకు కొనక ముందు చేయవలసిన పని అదియే. రేకును తరువాత మార్చుకొన్నాము. ఇప్పుడున్న స్టీలు రేకును ఎంచినది మా శ్రీమతియే.